తర్వాత చెబుతాను

సోమవారం పొద్దున్న చిన్నకోడలు షెడ్డులోకి వచ్చేసరికి వీధి కిటికీల దగ్గర బల్ల లేదు. అది ఉండాల్సిన చోట చెక్కనేల మీద నాలుగు కాళ్ళ గుర్తులూ, ఏళ్ళుగా రాలిన దారప్పోగులూ మిగిలాయి. కిటికీ అద్దాలు మాత్రం ఎన్నడూ లేనంత శుభ్రంగా తుడిచి ఉన్నాయి. ఇద్దరు వడ్రంగులు గోడకి కొత్త అరలు బిగిస్తున్నారు. సంచీ భుజానే ఉంచుకుని ఆమె అక్కడే నిలబడిపోయింది.

ఆ షెడ్డు కుట్టుపనివాళ్ళ సొసైటీది. అరవై మంది పైచిలుకు సభ్యులు. స్కూలు చొక్కాలు, ఆసుపత్రి కోట్లు, హోటలు కుర్రాళ్ళ జాకెట్లు కుడతారు. వాళ్ళలో ఏడుగురికి పుట్టుకతోనో, చిన్నప్పుడు జ్వరం వచ్చో వినబడదు. ఆ ఏడుగురూ ఒకే పెద్ద బల్లకి ఎదురెదురుగా మిషన్లు పెట్టుకుని కాలర్లూ కఫ్‌లూ కుడతారు. చిన్నకోడలు వాళ్ళలో ఒకతె. ఇంట్లో అత్తగారు పిలిచే పేరే షెడ్డులోనూ స్థిరపడింది, ఎందుకంటే ఆమె తోడికోడలు కూడా అక్కడే కాజాల మిషను మీద పనిచేస్తుంది. ఆవిడ పెద్దకోడలు.

సొసైటీలో ఆ బల్లని మూగబల్ల అంటారు. ఆ పేరు పెట్టిన మహానుభావుడెవరో గానీ, షెడ్డు మొత్తంలో పొద్దస్తమానం కబుర్లాడే బల్ల అదొక్కటే. కాలరు తిరగేస్తూ ఒక చేత్తో, దారం కొరుకుతూ కనుబొమలతో, పిల్లల చదువులూ మొగుళ్ళ మతిమరుపూ ప్రెసిడెంటు జుట్టుకేసే రంగూ అన్నీ అక్కడ తేలిపోతాయి. ఎవరినైనా పిలవాలంటే కాలితో నేల మీద ఒక్క తన్ను తన్నితే చాలు. ఆ అదురు అరికాళ్ళకి తగిలి అందరూ తలెత్తుతారు. వాళ్ళ మాటకి కావలసిందల్లా ఎదురుగా ఒక ముఖం, దాని మీద కాస్త వెలుతురు.

ప్రెసిడెంటు అరల వెనకనించి వచ్చాడు. ఒకప్పుడు ఓవర్‌లాక్ మిషను తొక్కినవాడే. చెడ్డవాడని ఎవరూ అనరు. ఎవరింట్లో జబ్బు చేసినా ముందు పరిగెత్తేది అతనే. అందుకే అతని మీద కోపం తెచ్చుకోవడం కష్టం, అదే అతని బలం. నోరు పెద్దగా తెరిస్తే చెవులు వాటంతటవే తెరుచుకుంటాయన్నట్టు, "వె... న... క" అని, వేలితో గోడౌను వైపు చూపించాడు.

గోడౌను అంటే షెడ్డు చివర గుడ్డ తానులు పేర్చే పొడుగాటి గది. కిటికీ లేదు. ఒక ట్యూబులైటు. ఏడు మిషన్లూ గోడకి ముఖం పెట్టి వరుసగా నిలబెట్టారు, ఒకరి వీపు కూడా ఇంకొకరికి కనబడనంత ఇరుగ్గా. నేల సిమెంటుది. గోడకవతల ఇస్త్రీ బాయిలరు ఆడుతున్నంతసేపూ ఆ నేల అదురుతూనే ఉంటుంది. ఇక కాలితో ఎంత తన్నినా ఎవరికి తెలుస్తుంది?

చిన్నకోడలు వెనక్కి వచ్చి, ఎందుకని చేతులు తిప్పి అడిగింది. ప్రెసిడెంటు నవ్వుతూ తన చెయ్యి పైకెత్తాడు. అదే చేత్తో ఆమెని చూపించాడు. నువ్వూ ఎత్తావుగా అని.

అప్పుడు అర్థమైంది ఆమెకి. శనివారం మీటింగులో ఏడుగురూ ఎప్పట్లాగే ముందు వరుసలో కూర్చున్నారు. ప్రెసిడెంటు పెదవులు కదిలాయి, ఆగాయి. ఆమె వెనక్కి తిరిగి చూస్తే హాలంతా చేతులే. వాటిలో అక్క, అంటే పెద్దకోడలి చెయ్యి కూడా ఉంది. దేనికని కళ్ళతో అడిగింది. అక్క రెండో చెయ్యి ఒళ్ళోంచి తీసి, చూపుడువేలు గాల్లో ముందుకి ఒక చుట్టు తిప్పింది. తర్వాత చెబుతాను అని. అక్క ఎత్తిందంటే మంచిదే అయ్యుంటుందనుకుని చిన్నకోడలు తనూ ఎత్తింది. ఆమెని చూసి మిగతా ఆరుగురూ ఎత్తారు. సెలవుల గురించనుకున్నారు. తీర్మానం ఏకగ్రీవమని సొసైటీ రాసుకుంది.

ఆమె గబగబా కాజాల వరుస దగ్గరికి వెళ్ళింది. పెద్దకోడలు తల వంచుకుని మిషను ఆడిస్తోంది. చిన్నకోడలు చక్రం మీద చెయ్యి వేసి ఆపేసింది.

"శనివారం ఎత్తింది దీనికా?"

పెద్దకోడలు అటూ ఇటూ చూసింది. పక్కవాళ్ళు చూస్తున్నారు. చూపుడువేలు మళ్ళీ ఒక చుట్టు తిరిగింది. తర్వాత.

వినబడేవాళ్ళు వినబడనివాళ్ళకి వేసే ముష్టి ఆ ఒక్క మాట. పెళ్ళిలో అందరూ పడీపడీ నవ్వుతారు, ఏమిటని అడిగితే తర్వాత. డాక్టరు ఆమె ఒంటి గురించి ఆమె మొగుడితో అంతసేపు మాట్లాడతాడు, ఏమన్నాడంటే తర్వాత. బస్సు దారిలో ఆగిపోతుంది, జనమంతా దిగిపోతారు, ఏమైందంటే తర్వాత. తర్వాత అంటే ఎప్పటికీ కాదని ఆమెకి ఊహ తెలిసినప్పుడే తెలిసింది. కానీ అక్క విషయంలో అలా అనుకోలేదు. ఈ ఇంటికి వచ్చిన కొత్తలో వంటింట్లో ఉప్పూ కారం చూపించుకుంటూ ఆమె భాష నేర్చుకున్న మనిషి అక్క ఒక్కతే. చిన్నకోడలికి ఒళ్ళంతా మండిపోయింది.

*

"ఇప్పుడేమైందని ఇద్దరూ మూతులు ముడుచుకుని కూర్చున్నారు?" అంది అత్తగారు సాయంత్రం, బఠాణీలు ఒలుస్తూ. "మా ఇంట్లో తోడికోడళ్ళు పోట్లాడుకోరని ఊరంతా చెప్పుకుంటారు. ఒకదానికి నోరు లేదు కాబట్టి సరిపోయిందని నేనంటూ ఉంటాను. ఇప్పుడు చూస్తే నోరున్నదే మాట్లాడటం మానేసింది."

ఇంట్లో మగవాళ్ళిద్దరూ అప్పటికే బయటికి జారుకున్నారు. గొడవ వాసన తగిలితే చెప్పుల కోసం వెతుక్కునే రకం అన్నదమ్ములిద్దరూ.

పెద్దకోడలు తరుగుతున్న కూరగాయల్ని పక్కకి జరిపి, తడిచేతులు తుడుచుకుంది. నోటితోనూ చేతులతోనూ ఒకేసారి చెప్పింది, అత్తగారికీ అర్థమయ్యేలా.

"ఆర్డర్లు తగ్గిపోయాయి. వీధిలోకి షోరూము పెడితేగానీ సొసైటీ నిలబడదు. వీధి కిటికీలున్నది అక్కడే. ఇంకెక్కడ పెడతారు? నీ కూలేం తగ్గలేదు. అదే మిషను, అదే కుర్చీ."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబుదామనే అనుకున్నాను."

"శనివారం ఇంటికొచ్చాక నా పక్కనే కూర్చుని తిన్నావు. ఆదివారమంతా నాతోనే ఉన్నావు."

పెద్దకోడలు చీరకొంగుకి మళ్ళీ చేతులు తుడుచుకుంది. "చెబితే మాత్రం ఏమవుతుంది? మీరేడుగురు. అటు యాభై మందికి పైన," అంది. "ఓటంటే ఓటే కదా. ఎక్కువమంది ఏమంటే అదే."

చిన్నకోడలు లేచి స్విచ్చి దగ్గరికి వెళ్ళింది. ఆ వంటింటికి కిటికీ లేదు. లైటు ఆర్పేసింది.

"ఇదేమిటే, దాని ముందు కత్తిపీట ఉంది," అని అరిచింది అత్తగారు చీకట్లో. పెద్దకోడలు "లైటు వెయ్యి" అని నోటితో అంది. ఆ తర్వాత చేతులు కూడా కదిపిందేమో, ఎవరికి కనబడుతుంది? చిన్నకోడలు స్విచ్చి మీద చెయ్యి అలాగే ఉంచి, తనివి తీరేదాకా నిలబడింది. లైటు వేసేసరికి అత్తగారు ఇంకా తిడుతూనే ఉంది. పెద్దకోడలు మాత్రం నోరు మూసుకుని, తన రెండు చేతుల వంక చూసుకుంటోంది.

"మీరంతా ఓటేసి నాకిచ్చింది ఇదీ," అంది చిన్నకోడలు. అని, తిండి తినకుండా వెళ్ళి పడుకుంది.

*

మర్నాడు గోడౌనులో సూది దిగింది. వరుసలో చివర కూర్చున్నావిడకి, కఫ్ అంచు తిప్పుతుంటే, సూది వేలి గోటిలోంచి కిందికి దిగి విరగకుండా అక్కడే నిలిచిపోయింది. ఆవిడ అరిచే ఉంటుంది. గొంతుంది కదా. బాయిలరు హోరులో, మూసిన తలుపు వెనక, ఆ అరుపు షెడ్డులోకి పోలేదు. పక్కనున్నవాళ్ళు గోడని చూస్తూ కుట్టుకుంటున్నారు. చక్రం వెనక్కి తిప్పుకుందామంటే రెండో చెయ్యి అందలేదు. మంచినీళ్ళకని చిన్నకోడలు లేచి వెనక్కి తిరిగినప్పుడు చూసింది. తెల్ల కఫ్ మీద నెత్తురు అప్పటికే నల్లబడటం మొదలుపెట్టింది.

కిటికీ బల్ల దగ్గరైతే ఆ ముఖం ముడుచుకోగానే ఆరుగురూ లేచేవాళ్ళు. ఈ ముక్క ఎవరికి చెప్పాలి? ప్రెసిడెంటు కట్టు కట్టించాడు, రిక్షా తెప్పించాడు, పాపం అన్నాడు. మిషన్లు మాత్రం కదపలేదు. తీర్మానం అయిపోయింది కదా, ఒక్కడిని నేనేం చెయ్యగలను అన్నట్టు రెండు భుజాలూ ఎగరేశాడు. అంతమంది కలిసి చేసిన పనికి ఏ ఒక్కడి ముఖం పట్టుకుని అడగాలో తెలియక చిన్నకోడలు పళ్ళు నూరింది.

ఆ మధ్యాహ్నమే ఏడుగురూ కోర్టు ఆవరణలో ఉచిత సలహాల గదికి వెళ్ళారు. అక్కడున్న లాయరమ్మ వయసులో వాళ్ళ కూతురంత ఉంటుంది. సెల్‌ఫోనులో అక్షరాలు కొడుతూ అడిగింది, వాళ్ళు కొడుతూ చెప్పారు. చెయ్యెత్తిన సంగతి రాగానే ఆమె ముఖం విప్పారింది. 'మీకు అర్థం కాకుండా ఎత్తించారు. ఈ ఒక్క పాయింటు చాలు. ఆ ఓటు చెల్లదు,' అని కొట్టింది. వేలికి సూది దిగింది కాబట్టి అత్యవసరమని అర్జీ పెడతానంది.

గురువారానికి పిలిచారు.

*

కోర్టుకి సైగల అనువాదకుడు ఒక్కడే ఉన్నాడు. ఆ రోజు అతన్ని వేరే కోర్టుకి పంపారు. జలుబుతో ముక్కు చీదుకుంటున్న జడ్జిగారు ఆ మాట విని, "మరెలాగమ్మా? వాయిదా వెయ్యనా?" అన్నారు.

లాయరమ్మ హాల్లోకి కలయజూసింది. వెనక బెంచీలో పెద్దకోడలు కూర్చుని ఉంది. అత్తగారు పంపితే వచ్చింది. "ఇంటి కోడలు ఒంటరిగా కోర్టు మెట్లెక్కితే ఊళ్ళో మన ముఖం ఏమవుతుంది, నువ్వూ వెళ్ళు," అని. ప్రెసిడెంటు కూడా వెళ్ళమనే చెప్పాడు, మన మనిషి ఒకరు ఉంటే మంచిదని. రెండు వైపులవాళ్ళూ పంపిన మనిషి ఆ బెంచీలో ఒక్కతే కూర్చుంది.

"ఆవిడకి వీళ్ళ సైగలు వచ్చండి. ఈమె తోడికోడలు," అంది లాయరమ్మ.

"సొసైటీకి అభ్యంతరమా?"

సొసైటీ లాయరు వెనక్కి తిరిగి ప్రెసిడెంటుని చూశాడు. ప్రెసిడెంటు హాయిగా తలూపాడు. "మాకేం అభ్యంతరం లేదండి. ఆవిడ మా సభ్యురాలే," అన్నాడు లాయరు.

లాయరమ్మ ఫోనులో కొట్టి చిన్నకోడలికి చూపించింది: 'ఈవిడ వద్దంటే నెల వాయిదా.' చిన్నకోడలు అక్క వంక చూసింది. మూడు రోజులుగా ఆ ముఖం వంక చూడలేదు. నెలరోజులు ఆ గోడని చూడటం కంటే ఇదే నయమనుకుని సరేనంది. పెద్దకోడలి చేత నిజమే చెబుతానని ప్రమాణం చేయించారు.

లాయరమ్మ తన పాయింటు చెప్పింది. బాగానే చెప్పింది. పెద్దకోడలి చేతులు అందులో సగం చెప్పాయి. సొసైటీ లాయరు లేచాడు. అతను వాదించలేదు, అదే అతని తెలివి. చాలా మర్యాదగా, "ఆ రోజు సభ్యులకి విషయం అర్థం కాలేదంటే మేము చింతిస్తున్నామండి. మళ్ళీ మీటింగు పెడతాం. మా ఖర్చుతోనే అనువాదకుణ్ణి పిలుస్తాం. అంతా వివరంగా చెప్పి, మళ్ళీ ఓటు పెడతాం. ఇంతకంటే న్యాయం ఏముంటుంది?" అన్నాడు.

జడ్జిగారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "బాగానే ఉంది కదమ్మా," అన్నారు లాయరమ్మతో. లాయరమ్మకి మాత్రం ఏం చేదు? ఆమె అడిగింది అదే. మొదటిసారే గెలిచానన్న సంతోషం ఆమె బుగ్గల్లో తెలిసిపోతోంది. జడ్జిగారు కలం తీశారు.

అందరి ముఖాలూ తేలికపడటం చిన్నకోడలు చూసింది. మీటింగులోనూ ముఖాలు ఇలాగే తేలికపడ్డాయి. పెద్దకోడలి మోచెయ్యి పట్టుకుని లాగింది. "ఏమంటున్నారు?"

పెద్దకోడలు జడ్జిగారి వైపే చూస్తూ, చెయ్యి నడుము దగ్గరే ఉంచి, చూపుడువేలు ఒక చుట్టు తిప్పింది. అలవాటు. ఆమెకి తెలియకుండానే వేలు తిరిగింది.

చిన్నకోడలు కాలెత్తి నేలని తన్నింది. జడ్జిగారి గద్దె ముందు పరిచిన చెక్కలవి. ఆ చప్పుడు ఎంతో ఆమెకి తెలియదు. హాల్లో గుమాస్తాలూ బంట్రోతులూ గోడవారన నిలబడినవాళ్ళూ అందరూ ఉలిక్కిపడి చూశారు.

"ఏమిటది?" అన్నారు జడ్జిగారు.

"ఏం లేదండి. తను ఏదో అడుగుతోంది," అంది పెద్దకోడలు.

"ఏమడుగుతోంది?"

"ఏం జరుగుతోందని అండి."

"మీరు చెప్పారా?"

"తర్వాత చెబుతానన్నానండి."

జడ్జిగారు కలం బల్ల మీద పెట్టేశారు. "తర్వాత అంటే ఎప్పుడమ్మా? నేను ఆర్డరు రాసి సంతకం పెట్టాకా?" హాల్లో ఎవరో నవ్వారు. ఆయన నవ్వలేదు. "కేసు ఆవిడది. లాయర్లిద్దరూ ఆగండి. ఇక్కడ ఇప్పటిదాకా ఎవరేమన్నారో మొత్తం చెప్పండి ఆవిడకి. నేను కూర్చుంటాను."

పెద్దకోడలు తిరిగి చెప్పింది. ఈసారి ఎదురుగా నిలబడి, రెండు చేతులూ గుండెల ఎత్తుకి తెచ్చి చెప్పింది. మళ్ళీ మీటింగు, అనువాదకుడు, మళ్ళీ ఓటు. చిన్నకోడలి ముఖంలోకి రంగు ఎక్కడం లాయరమ్మ కూడా గమనించింది. చిన్నకోడలి చేతులు లేచాయి.

"ఆమె ఏమంటోందంటేనండి..." అని మొదలుపెట్టింది పెద్దకోడలు.

"ఆమె అనకండి," అన్నారు జడ్జిగారు. "ఆవిడ నేనంటే మీరూ నేననే అనాలి. ఆవిడ మాట ఎలా ఉంటే అలాగే. మధ్యలో మీరు లేరనుకోండి."

పెద్దకోడలు గొంతు సవరించుకుంది. తోడికోడలి చేతుల మీదనించి కళ్ళు తిప్పకుండా, ఒక్కొక్క మాటా పైకి చెప్పడం మొదలుపెట్టింది.

"నేను మళ్ళీ ఓడిపోవడానికి ఇక్కడికి రాలేదు. మొన్న అర్థం కాకుండా ఓడిపోయాను. మీరు చెప్పే ఏర్పాటు చేస్తే అర్థమై ఓడిపోతాను. మేము ఏడుగురం. వంద సార్లు ఓటు పెట్టండి, వంద మంది అనువాదకుల్ని తెండి, ఏడు ఏడే. అది మా లాయరుగారికి గెలుపేమో. నాకు కాదు."

లాయరమ్మ తల దించుకుంది.

"ఆ గదిలో నేను కుట్టగలను. మాట్లాడలేను. పక్కదానికి సూది దిగితే నాకు తెలియదు. షోరూము పెట్టుకోండి, బాగుపడండి, నేనూ సభ్యురాలినే, నాకూ అన్నం కావాలి. కానీ పొద్దున్నించి సాయంత్రం దాకా మీ నోళ్ళకి గుడ్డ కట్టుకుని పనిచెయ్యాలని మేమెవరమైనా తీర్మానం పెడితే ఒప్పుకుంటారా? ఒప్పుకోరు. మీరు ఎక్కువమంది కాబట్టి మీ నోళ్ళు ఎవడూ ఓటుకి పెట్టడు."

హాలు నిశ్శబ్దంగా ఉంది. ఆ నిశ్శబ్దం చిన్నకోడలికి తెలియదు. ఆమె చేతులు ఆగలేదు. పెద్దకోడలి గొంతు ఆగిపోయింది.

"ఏం, ఆగారు?" అన్నారు జడ్జిగారు.

"ఇది... ఇది నా గురించండి."

సొసైటీ లాయరు చటుక్కున లేచాడు. "అనువాదకురాలికి ఇందులో సంబంధం ఉందండి, మా అభ్యంతరం..."

"మీకు అభ్యంతరం లేదని మీరే అన్నారు, మీ సభ్యురాలేనని కూడా అన్నారు. కూర్చోండి. చెప్పండమ్మా."

పెద్దకోడలు చీరకొంగుతో పెదవులు ఒత్తుకుంది. చిన్నకోడలు మొదట్నించీ మళ్ళీ చెప్పింది, ఈసారి నెమ్మదిగా, ఒక్క సైగా జారిపోకుండా.

"మా అక్క కూడా చెయ్యెత్తింది," అంది పెద్దకోడలు. "ఆవిడకి వినబడుతుంది. అంతా వినే ఎత్తింది. ఏమిటని నేనడిగితే తర్వాత చెబుతానంది. ఆవిణ్ణి చూసే నేనెత్తాను. ఇంటికొచ్చి నా పక్కనే కూర్చుని తిన్నది. చెప్పలేదు. నాకు చెవులు లేవని నేనెప్పుడూ ఏడవలేదు. ఆవిడ ఉందనుకున్నాను. మిగతా యాభై మంది మీద నాకు కోపం. మా అక్క మీద నాకు..."

అక్కడ సైగ ఒకటే ఉంది. గుండె మీద పిడికిలి పెట్టి, వేళ్ళు విప్పి, కింద పారేసినట్టు. పెద్దకోడలికి దానికి మాట దొరకలేదు. కాసేపు వెతుక్కుంది.

"నమ్మకం పోయింది," అంది చివరికి. ఆ మాట ఆమె గొంతులోంచే, ఆమె పేరు మీదే, నిండు కోర్టులో వినబడింది. ప్రెసిడెంటు ఆమె వంక చూడటం మానేసి ఫ్యాను వంక చూశాడు.

సొసైటీ లాయరు మళ్ళీ లేచి, ఏడుగురి కోసం యాభై మంది పొట్ట కొట్టమంటారా అన్నాడు. ఇలా ప్రతి తీర్మానానికీ కోర్టుకొస్తే సొసైటీలు నడవవన్నాడు. ఆ మాటలో నిజం లేకపోలేదు. జడ్జిగారు ముక్కు తుడుచుకుంటూ విన్నారు.

"ఎక్కువమంది ఒప్పుకున్న ప్రతిదానికీ నేను అడ్డుపడితే మీరన్నట్టు ఏదీ నడవదు," అన్నారు. "ఎక్కువమంది ఒప్పుకున్నారని ప్రతిదానికీ తలూపితే నేనిక్కడ కూర్చోవడం దండగ. ఏ రంగు బోర్డు పెట్టాలో ఓటేసుకోండి. ఏం కుట్టాలో, ఎంతకి అమ్మాలో ఓటేసుకోండి. ఒకరితో ఒకరు ఎవరు మాట్లాడుకోవచ్చో మాత్రం ఓటుకి పెట్టకండి. అది చేతులెత్తి తేల్చే విషయం కాదు."

ఆయన ఆర్డరు చెబుతుంటే గుమాస్తా రాసుకున్నాడు. కేసు తేలేదాకా బల్ల కిటికీల దగ్గరే ఉండాలి. ఈలోగా ఈ సంగతి మీద మళ్ళీ ఓటు పెట్టకూడదు. షోరూముకి ఇంకో దారి ఉందేమో సొసైటీ చూసుకుని వచ్చే వాయిదాకి చెప్పాలి. పెద్దకోడలు ప్రతి వాక్యం చేతులతో చెప్పింది. ఒక్కటీ వదల్లేదు. చెప్పడం అయిపోగానే ఎవరి కోసమూ ఆగకుండా మెట్లు దిగి వెళ్ళిపోయింది.

*

శుక్రవారం పొద్దున్న ఏడుగురూ బల్లా మిషన్లూ తామే మోసుకొచ్చుకున్నారు. షెడ్డులో ఒక్కరు లేవలేదు. కటింగు మాస్టారు మాత్రం, "అలా ఈడ్చకండి, కాళ్ళు విరుగుతాయి. మనుషులవి కాదు, మిషన్లవి," అని సణుగుతూ వచ్చి ఒక పక్క పట్టుకున్నాడు. వడ్రంగులు సగం బిగించిన అరలు అలాగే వదిలి వెళ్ళారు. బల్ల చుట్టూ ఏడుగురు కూర్చోగానే నాలుగు రోజుల మాటలన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. ఒకేసారి ముగ్గురు మాట్లాడేస్తున్నారు. వేలికి కట్టున్నావిడ కట్టుతోనే మాట్లాడుతోంది.

చిన్నకోడలు సంతోషపడలేదు. వెనక వరుసల్లో పెదవులు కదులుతున్న తీరు ఆమెకి తెలుస్తూనే ఉంది. ఈ ఆర్డరు కుర్చీ ఇప్పించింది. ఆ ముఖాల్లో చిరాకు తీసెయ్యమని ఏ జడ్జి రాస్తాడు? వచ్చే వాయిదాకి వాళ్ళు ఇంకో ఎత్తు వేస్తారు. మళ్ళీ వెళ్ళాలి, మళ్ళీ తన్నాలి. నేను మాట్లాడుకుంటానని అడగడానికి కూడా ఇంత కోర్టు కావలసి వచ్చిందన్న మంట ఆమెకి కాలరు కుడుతున్నంతసేపూ తగ్గలేదు.

మధ్యాహ్నం తిండి వేళకి పెద్దకోడలు డబ్బా పట్టుకుని లేచింది. ఎప్పుడూ కాజాల వరుసవాళ్ళతో తినేది. ఆ రోజు వాళ్ళంతా దగ్గరదగ్గరగా జరిగి కూర్చున్నారు. చోటు లేదని ఎవరూ అనలేదు, చోటు మాత్రం లేదు. ఆమె కాసేపు అక్కడే నిలబడి, కిటికీల వైపు వచ్చింది.

ఆమెని చూడగానే బల్ల మీద చేతులన్నీ ఆగిపోయాయి. వాళ్ళలో పెద్దావిడ ముఖం వీధి వైపు తిప్పేసుకుంది. తర్వాత ఆమె పక్కావిడ, ఆ తర్వాత కట్టున్నావిడ. వినబడని మనిషి ముఖం తిప్పుకుంటే తలుపు వేసినట్టే. అవతలివాళ్ళు ఏం చెప్పుకున్నా లోపలికి రాదు. ఆరుగురూ తిప్పుకున్నారు. ఈ బల్ల దగ్గర ఎక్కువమంది వాళ్ళే.

చిన్నకోడలికీ తిప్పుకోవాలనే ఉంది. మెడ సగం తిరిగింది కూడా. కానీ అడగాల్సింది అడక్కుండా ఉండటం ఆమె వల్ల కాలేదు.

"ఎందుకెత్తావు? నిజం చెప్పు. సొసైటీ కోసం అనకు."

పెద్దకోడలు డబ్బా నేల మీద పెట్టింది.

"షోరూములో కూర్చుని బట్టలు చూపించే పని నాకిస్తానన్నాడు ప్రెసిడెంటు."

"కాజాలకేమైంది?"

"నాకు కళ్ళు కనబడటం లేదు." సైగలు చిన్నగా, నడుము దగ్గరే వస్తున్నాయి, వెనక వరుసలకి తెలియకుండా. "ఏడాదైంది. పక్కదాని చేత దారం ఎక్కించుకుంటున్నాను. మొన్న నూరు చొక్కాలకి కాజాలు వంకరపోతే విప్పి మళ్ళీ కుట్టాను. సూదితో పని లేకుండా కూర్చునే కుర్చీ ఈ షెడ్డులో ఆ ఒక్కటే ఉంటుంది. నీకు చెబితే నువ్వు వద్దంటావు. నువ్వు వద్దంటే నేను ఎత్తలేను. అందుకని చెప్పలేదు."

"మరి నిన్న కోర్టులో? సగం మింగేసి ఉంటే నీ కుర్చీ నీకు మిగిలేది. నాకు తెలిసేది కూడా కాదు."

"'నేను' అనమన్నాడు కదా ఆ జడ్జి," అంది పెద్దకోడలు. "నువ్వన్నదంతా నేను నేను అంటూ చెబుతుంటే ఇక మింగడం కుదరలేదు."

చిన్నకోడలు ఆమెని పైనించి కిందిదాకా చూసింది. జాలి వచ్చింది. జాలి వచ్చినందుకు ఇంకా ఒళ్ళు మండింది. ఏడాదిగా ఒకే వంటింట్లో, ఒకే దీపం కింద, ఈ మనిషి కళ్ళు మసకబారుతుంటే తనకి ఒక్క మాట చెప్పలేదు. రేపు ఆ కళ్ళు పూర్తిగా పోతే తను మాట్లాడేదెవరితో? అది కూడా ఈవిడే ఒక్కతే తేల్చేసుకుంది, ఎవరినీ అడక్కుండా.

ఆమె లేచి, తన స్టూలు కిటికీ కిందికి, ఎండ నేరుగా పడే చోటికి ఈడ్చింది. అక్క భుజాలు పట్టుకుని దాని మీద కూర్చోబెట్టింది. తను ఎదురుగా నిలబడి, చేతులు వెలుతురులోకి ఎత్తి, కనబడుతున్నాయా అని అడిగింది.

పెద్దకోడలు కళ్ళు చికిలించి చూసి, కనబడుతున్నాయంది.

"అయితే కూర్చో. నిన్ను తిట్టాల్సింది చాలా ఉంది," అంది చిన్నకోడలు. "ఒక్కటి కూడా వదలకుండా చూడాలి నువ్వు."